నల్లగొండ నీళ్లతో డిష్‌వాషర్: గడ్డకట్టిన పౌడర్ అర గురించి, రెండేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా ఇంటికి డిష్‌వాషర్ వచ్చి ఈ దీపావళికి రెండేళ్లు నిండుతాయి. మొదటి ఎనిమిది నెలలు దాని గురించి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. తొమ్మిదో నెలలో, వానలు పట్టిన కొద్ది రోజులకు, ఒకనాడు పొద్దున తలుపు తీసి చూస్తే తల్లెల మీద నూనె జిడ్డు అలాగే ఉంది, గ్లాసుల అంచులకు పసుపు చారలున్నాయి, గిన్నెలు ముట్టుకుంటే వేళ్లకు రాత్రి పప్పుచారు వాసన అంటింది. రెండున్నర గంటలు నడిచిన మిషన్ ఇలా ఎందుకు చేసిందో వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. తలుపు లోపలి వైపు ఉండే చిన్న అరలో, నేను రాత్రి వేసిన పౌడర్ వేసినట్టే ఉంది. పైభాగం పెంకు కట్టింది, చెంచా కాడతో తడితే టక్కుమని మోగింది, ఆ పెంకు పగిలితే లోపల తడిసిన సున్నంలాంటి ముద్ద కనిపించింది.

ఈ అరనే డిస్పెన్సర్ అంటారు. అరచేతిలో పట్టేంత ఈ ప్లాస్టిక్ భాగం సరిగా పనిచేయకపోతే ఎంత ఖరీదైన మిషన్ అయినా బోళ్లను వేడి నీళ్లతో తడపడం తప్ప ఏమీ చేయలేదు. ‘మన వంటలకు డిష్‌వాషర్ పనికిరాదు, మసాలా జిడ్డు పోదు’ అని రాసే సమీక్షలు కొనేముందు నేను చాలా చదివాను. వాటిలో కొన్నిటికైనా అసలు కారణం ఈ అర తెరుచుకోకపోవడమో, తెరుచుకున్నా అందులోని పౌడర్ కరగకపోవడమో అయి ఉంటుందని ఇప్పుడు నాకు బలంగా అనిపిస్తోంది. అందుకే మిగతా విషయాలు క్లుప్తంగా ముగించి, దీని గురించే వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ఇబ్బంది ఏ కంపెనీ మిషన్‌లోనైనా రావచ్చు.

మేము ఆరుగురం. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, నాకు కాలేజీ ఉద్యోగం, పనికి వచ్చే ఆమె కూతురు కాన్పుకని ఊరికి వెళ్లి తిరిగి రాలేదు. హైదరాబాద్ రోడ్డులోని ఒక దుకాణంలో 13 సెట్ల మిషన్, అంటే ఒకేసారి పదమూడు మంది భోంచేసిన బోళ్లు పట్టేది, తీసుకున్నాం. జొన్న రొట్టెల పిండి అంటిన పళ్లేలు, కూర మాడిన స్టీలు గిన్నెలు, కుక్కర్ లోపలి గిన్నెలు, పిల్లల టిఫిన్ డబ్బాలు అన్నీ అందులోనే వేస్తాం. సర్వపిండి చేసే ఇనుప మూకుడు, అల్యూమినియం బగోనెలు, ఇత్తడి, చెక్క గంటెలు వేయం. ఇనుము తుప్పు పడుతుంది, అల్యూమినియం నల్లబడుతుంది, చెక్క పగులుతుంది. శుభ్రత విషయంలో, అర సరిగా తెరుచుకున్న రోజున, ఈ మిషన్‌కు నేను నిస్సందేహంగా ఐదుకు నాలుగున్నర మార్కులు ఇస్తాను. చప్పుడు తక్కువ, నీళ్లు ఒక్కో విడతకు 10 నుంచి 15 లీటర్ల మధ్యే ఖర్చవుతాయి. చేత్తో తోమినప్పుడు మా ఇంట్లో అంతకు ఎన్నో రెట్లు పోయేవి.

ఇక అర సంగతి. దాని పనితీరు తెలిస్తే సగం సమస్య మనమే గుర్తుపట్టగలం. తలుపు మూసి మిషన్ ఆన్ చేయగానే ముందు పౌడర్ లేకుండా నీళ్లు తిరిగి పైపై మురికిని కడుగుతాయి. ఆ నీళ్లు బయటికి పోయి, కొత్త నీళ్లు వచ్చిన తర్వాత, అసలు కడుగుడు మొదలయ్యే వేళకు తలుపు లోపల దాగి ఉన్న చిన్న విద్యుత్ పరికరం మూత కొండిని వదులుతుంది. స్ప్రింగ్ బలంతో మూత తెరుచుకుంటుంది. కింది రెక్క, మధ్య రెక్క తిరుగుతూ చిమ్మే నీళ్లు అరలో పడి పౌడర్‌ను కరిగించి కిందికి తెస్తాయి. ఈ వరుసలో ఒక్కటి తప్పినా పౌడర్ అక్కడే మిగిలిపోతుంది. కాబట్టి అడగవలసిన మొదటి ప్రశ్న ‘మూత తెరుచుకుందా, లేదా?’ అనేదే. మూత మూసే ఉంటే దోషం కొండిలోనో, స్ప్రింగ్‌లోనో, దానికి అడ్డుపడిన బోళ్లలోనో ఉంటుంది. మూత తెరుచుకుని కూడా పౌడర్ మిగిలితే దోషం నీళ్లలోనో, పౌడర్‌లోనో, నీళ్లు చిమ్మే రెక్కలోనో ఉంటుంది. ఈ రెండిటినీ కలిపి చూసినంతకాలం ఎవరికీ పరిష్కారం దొరకదు.

కంపెనీ సర్వీసుకు ఫోన్ చేస్తే నాలుగో రోజు టెక్నీషియన్ వచ్చారు. ఐదు నిమిషాలు చూసి, డిస్పెన్సర్ మొత్తం మార్చాలని, పౌడర్ పట్టేయడం వాడకం వల్ల వచ్చిన లోపం కాబట్టి వారంటీ కిందికి రాదని, 4,800 రూపాయలు అవుతుందని చెప్పారు. ఎందుకు పట్టేసిందని అడిగితే జవాబు రాలేదు. కొత్తది వేసినా మళ్లీ పట్టేయదన్న హామీ ఉందా అని అడిగితే దానికీ జవాబు రాలేదు. భాగం విరిగి ఉంటే డబ్బు గురించి ఆలోచించేదాన్ని కాదు. కారణం చెప్పకుండా భాగం మార్చమనడం నాకు సమ్మతం కాలేదు. సర్వీసుకు నేను ఐదుకు రెండు మార్కులే ఇవ్వడానికి ఇదే కారణం. ఆ మనిషి మర్యాదగానే మాట్లాడారు, సమయానికే వచ్చారు, కానీ చేయవలసిన పరీక్ష చేయలేదు.

ఆ తర్వాత మా తమ్ముడు గడియారం సెంటర్ దగ్గర వాషింగ్ మిషన్లు బాగుచేసే ఒక మెకానిక్‌ను పంపించాడు. డిష్‌వాషర్లు పట్టణంలో తక్కువే కాబట్టి ఆయనకు అనుభవం ఉంటుందో లేదోనని సందేహించాను. ఆయన అర మూతను చూపుడు వేలితో నాలుగుసార్లు తెరిచి మూసి, చప్పుడు విని, ‘అక్కా, ఇది ఇరగలే, పట్టేసింది. ఇరిగితే మారుద్దాం, పట్టేస్తే కడుగుదాం’ అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది.

ఆయన చేసిన మొదటి పని, బోళ్లన్నీ బయట పెట్టించి, అరను తుడిచి, మూత వేసి, ఖాళీ మిషన్‌ను అరగంట ప్రోగ్రాంలో నడపడం. అయిపోయాక చూస్తే మూత సగమే తెరుచుకుని ఆగి ఉంది. అంటే కొండి వదులుతోంది, విద్యుత్ పరికరం బతికే ఉంది, మూత కదిలే దారిలోనే ఏదో అంటుకుంది. శుభ్రం చేశాక మళ్లీ ఖాళీగా నడిపితే మూత పూర్తిగా తెరుచుకుంది. అక్కడితో పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన రోజూ నేను సర్దినట్టే బోళ్లు సర్దమని అడిగారు. సర్దాను. బోళ్లు పెట్టే కింది బుట్ట ముందు వరుసలో పెద్ద స్టీలు పళ్లెం నిలబెట్టి, దాని పక్కన వెడల్పాటి గిన్నె పెట్టడం నాకు అలవాటు. తలుపు మెల్లగా మూస్తూ పక్క సందులోంచి చూడమన్నారు. తలుపు మూసుకునే సమయానికి పళ్లెం అంచు సరిగ్గా మూతకు ఎదురుగా, వేలెడు దూరం కూడా లేకుండా వచ్చి నిలబడింది. మా మిషన్‌లో మూత చిన్న తలుపులాగా బయటికి తెరుచుకుంటుంది. తెరుచుకోవడానికి అక్కడ చోటే లేదు. రెండు కారణాలు ఒకదానికొకటి తోడయ్యాయి కాబట్టే ఒకదాన్ని సరిచేసినా ఇంకొకటి మిగిలేది. రెండు గంటల పనికి ఆయన తీసుకున్నది 600 రూపాయలు. నా వరకు ఆయనకు ఐదుకు ఐదు.

ఆ రోజు ఆయన శుభ్రం చేసిన తీరును నేను పక్కనే నిలబడి చూశాను, తర్వాత నెలనెలా నేనే చేస్తున్నాను, కనుక చేసే వరుస చెప్పగలను. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. డిష్‌వాషర్ పౌడర్ చేత్తో తోమే సబ్బులాంటిది కాదు. అందులో సోడా క్షారాలు ఉంటాయి కాబట్టి తడి చేతికి మంట పుడుతుంది, కంట్లో పడితే ప్రమాదం. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ పని వారు నిద్రపోయాక చేయడం మంచిది. తలుపు పూర్తిగా కిందికి దించితే అర పైకి చూస్తూ చిన్న గిన్నెలాగా ఉంటుంది. అందులోని గడ్డను ఐస్‌క్రీం పుల్లతోనో పాత ప్లాస్టిక్ చెంచాతోనో అంచుల నుంచి లేపి తీయాలి. కత్తి, స్క్రూడ్రైవర్, స్టీలు పీచు వాడకూడదు. వాటితో ప్లాస్టిక్ మీద గీతలు పడితే తర్వాత పౌడర్ ఆ గీతల్లోనే పట్టుకుంటుంది, రబ్బరు చినిగితే మూత బిగువు పోతుంది.

గడ్డ పోయాక అరలో చేయి పట్టగలిగినంత వేడి నీళ్లు నింపి, పైన తడిగుడ్డ మడిచి పెట్టి, ఇరవై నిమిషాలు వదిలేయాలి. సలసల కాగే నీళ్లు వద్దు. ఆ తర్వాత మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో లోపల రుద్దాలి. అందరూ ఇక్కడే ఆపేస్తారు. అసలు జాగ్రత్తగా చూడవలసింది అర లోపల కాదు, మూత చుట్టూ ఉండే రబ్బరు అంచు, మూత ఆనుకునే గాడి, కొండి పడే చిన్న రంధ్రం. మా మిషన్‌లో ఆ రంధ్రం మూలన బియ్యపు గింజలో సగమంత తెల్లటి ముద్ద ఉంది. నీళ్లు పడినప్పుడు మెత్తబడి, ఆరినప్పుడు గట్టిపడి, అదే మూతను సగంలో ఆపింది. టూత్‌పిక్ కొనకు తడిగుడ్డ చుట్టి తీస్తే వచ్చింది. కొండికి కొబ్బరినూనె చుక్క వేస్తే జారుతుందేమోనని మా అత్తమ్మ అంటే మెకానిక్ వద్దన్నారు. నూనెకు పౌడర్ అంటుకుని జిగురవుతుంది, మళ్లీ అదే కథ. చివరికి పొడిగుడ్డతో తుడిచి, తలుపు తెరిచే ఉంచి ఆరనివ్వాలి.

అరలో మిగిలింది పౌడరా, గారా అన్నది తెలుసుకోవడం కూడా ముఖ్యం, ఎందుకంటే రెండిటి మందు వేరు. వేడి నీళ్లలో వేస్తే జారుడుగా కరిగిపోయేది పౌడర్. ఎంతసేపు నానినా కరగకుండా గరుగ్గా చేతికి తగిలేది నీళ్లలోని సున్నపు గార. రెండోదానికి నిమ్మ ఉప్పు పనిచేస్తుంది. గ్లాసు వేడి నీళ్లలో చిన్న చెంచాడు కలిపి అరలో పోస్తే సన్నటి బుడగలు లేస్తాయి. పది నిమిషాల తర్వాత బ్రష్‌తో రుద్ది మంచి నీళ్లతో కడిగేయాలి. నిమ్మ ఉప్పుతోపాటు బ్లీచింగ్ పౌడర్ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. వెనిగర్ వాడమని చాలామంది సలహా ఇస్తారు గానీ మాటిమాటికీ వాడితే రబ్బరు భాగాలు చెడిపోతాయి కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

నీలం రంగులో జెల్లీలాంటి పదార్థం కనిపిస్తే అది ఇంకొక విషయం. పౌడర్ అర పక్కనే బోళ్లు మెరిసేందుకు పోసే రిన్స్ ఎయిడ్ గది ఉంటుంది. దాన్ని గుర్తు దాటి నింపినా, మూత సరిగా తిప్పకపోయినా ఆ ద్రవం కారి పౌడర్‌లో కలిసి జిగురు ముద్దవుతుంది. పోసేటప్పుడు ఒలికినదాన్ని వెంటనే గుడ్డతో తుడిచేస్తే చాలు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన ప్రాంతంలో ఇది వదిలేసి డిష్‌వాషర్ గురించి ఎంత రాసినా అది అసంపూర్ణమే. నల్లగొండ నీళ్లంటే అందరికీ మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడ్. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు వచ్చిందంటేనే ఈ జిల్లా పడిన బాధ తెలుస్తుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వంకర పోయిన కాళ్లను చూసి పెరిగిన తరం మాది. అందుకే దుకాణంలో నేను అడిగిన మొదటి ప్రశ్న, ఫ్లోరైడ్ వల్ల మిషన్ చెడిపోతుందా అని. వారు అవుననీ కాదనీ చెప్పలేకపోయారు. తర్వాత తెలుసుకున్నది ఏమిటంటే, ఫ్లోరైడ్ వేరు, కఠినత్వం వేరు. నీళ్లను కఠినం చేసేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. కాల్షియం ఎక్కువ ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు చేరే వీలుంది కాబట్టి, ఫ్లోరైడ్ బాగా ఎక్కువ ఉన్న బోరు నీళ్లలో కాల్షియం తక్కువగా ఉండటం తరచుగా కనిపిస్తుంది. కనుక ‘మాది ఫ్లోరైడ్ ఊరు, నీళ్లు కఠినంగానే ఉంటాయి’ అని అనుకోకూడదు, ‘మా నీళ్లలో ఫ్లోరైడ్ లేదు, భయం లేదు’ అనీ అనుకోకూడదు. పరీక్షించి చూసుకోవడం ఒక్కటే మార్గం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. కఠినత్వానికి అవే హద్దులు 200, 600 మిల్లీగ్రాములు. డిష్‌వాషర్‌కు పట్టింపు ఉన్నది ఈ రెండో సంఖ్యతో. దాని లోపలి మృదుజల యంత్రం కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి స్థానంలో సోడియం ఇస్తుంది, ఫ్లోరైడ్‌ను తీయదు. ఆ మిషన్ ఉంది కదా అని తాగే నీళ్ల విషయంలో ఎవరూ ధీమాగా ఉండకూడదు.

మా ఇంట్లో నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు సంపులో పడతాయి, ఎండాకాలం చాలనప్పుడు బోరు నీళ్లు కలుస్తాయి. రెండూ ఒకే ట్యాంకులోకి ఎక్కుతాయి. కఠినత్వం చూసే కాగితపు పట్టీలు తెప్పించి రెండిటినీ విడివిడిగా ముంచి చూస్తే, నల్లా నీళ్ల పట్టీ రంగు మధ్య గడిలో ఆగింది, బోరు నీళ్లది చివరి గడి దాకా పోయింది. మిషన్ బిగించిన రోజు వచ్చిన మనిషి ఈ పరీక్ష చేయలేదు, కఠినత్వం సెట్టింగ్‌ను ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేశారు. ఈ విషయం నాకు నిజంగా బాధ కలిగించింది. ఆ ఒక్క సెట్టింగ్ మా నీళ్లకు తగ్గట్టు పెట్టి ఉంటే మిషన్ తనకు కావలసినప్పుడల్లా మృదుజల యంత్రంలో కాల్షియాన్ని పట్టుకునే రెసిన్ గుళికలను ఉప్పునీళ్లతో కడుక్కునేది. అలా జరగనప్పుడు కఠిన జలమే అరలోకి వస్తుంది. పౌడర్‌లోని సోడా, నీళ్లలోని కాల్షియం కలిసి కరగని సున్నపు పొడిగా మారతాయి, పౌడర్ గడ్డకు అదే సిమెంటులా పనిచేస్తుంది.

ఆ ఉప్పునీళ్ల కోసం మిషన్ అడుగున ఉండే గదిలో డిష్‌వాషర్ సాల్ట్ వేయాలి. ఇంట్లో వాడే అయోడిన్ ఉప్పు వేయకూడదు, అందులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు రెసిన్‌కు పనికిరావు. కల్లుప్పులో మట్టి, ఇతర మలినాలు ఉంటాయి కాబట్టి అదీ వద్దు. ఉప్పు నింపిన వెంటనే ఒక విడత మిషన్ నడపాలి, లేకపోతే ఒలికిన ఉప్పునీరు స్టీలును తింటుంది. అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, ఉప్పు గదిలో పొరపాటున పౌడర్ పోయకపోవడం. అలా జరిగితే మృదుజల యంత్రమే పాడైపోతుంది. మా ఇంట్లో పౌడర్ మా అబ్బాయి కూడా వేస్తాడు కాబట్టి రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాలతో కాగితాలు అంటించాను.

నీళ్ల ఒత్తిడి గురించి కూడా ఒక మాట. మా వంటిల్లు పై అంతస్తులో, ట్యాంకుకు సరిగ్గా కిందే ఉంది. నీటి ఒత్తిడి ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ చొప్పున పెరుగుతుంది. చాలా మిషన్ల పుస్తకాల్లో కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఉండాలని రాసి ఉంటుంది, అంటే ట్యాంకు మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు మా ఇంట్లో అంతంతమాత్రమే. దానికి తోడు నల్లా దగ్గర పైపు మొదట్లో ఉండే చిన్న జల్లెడలో బోరు ఇసుక పేరుకుపోయింది. అది విప్పి కడిగాక నీళ్లు నిండే సమయమే తగ్గింది. నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాల్లో ఆవాలు, జీలకర్ర, అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి; పదిహేను రోజులకోసారి రెక్క విప్పి టూత్‌పిక్‌తో తీయాలి. అడుగు ఫిల్టర్‌లోని కరివేపాకును మాత్రం రోజూ తీస్తాను.

పౌడర్ మంచిదా, టాబ్లెట్ మంచిదా అని అడిగేవారికి నా అభిప్రాయం స్పష్టం. మన కఠిన జలానికి పౌడర్, ఉప్పు, రిన్స్ ఎయిడ్ విడివిడిగా వాడటమే మేలు. జిడ్డును బట్టి పౌడర్ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు; టాబ్లెట్‌లో ఆ వీలు లేదు. అన్నీ కలిపిన టాబ్లెట్లలో ఉప్పు పని కొంతవరకు జరుగుతుంది గానీ బాగా కఠినమైన నీళ్లకు అది చాలదు. టాబ్లెట్ వాడేవారు దాన్ని తడి చేత్తో పట్టుకోకూడదు; పైనున్న పలుచటి పొర మెత్తబడి అరకు అంటుకుపోతుంది. అరగంట ప్రోగ్రాంలో అది పూర్తిగా కరగకపోవచ్చు కూడా. అయితే పౌడర్‌కు వానాకాలం శత్రువు. ప్యాకెట్ విప్పగానే బిగువైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, సింకు కింద కాకుండా పై అలమరలో పెట్టాలి. పాతబడిందని అనుమానం వస్తే గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా వేసి కలపండి. అడుగున గడ్డలు మిగిలితే ఆ డబ్బా పనికిరాదు. బట్టల పౌడర్, చేత్తో తోమే లిక్విడ్ ఎప్పుడూ వేయకూడదు, నురగ పొంగి తలుపు సందుల్లోంచి వంటింట్లోకి వస్తుంది.

ఇన్ని చెప్పినా, మా ఇంట్లో గడ్డ కట్టడం ఆగిపోవడానికి అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అర పక్కన వేలాడదీసిన ఒక చిన్న నూలు గుడ్డ. కిందటి విడత తడి అరలో మిగిలి ఉండగానే పౌడర్ వేయడం మా పాత అలవాటు. ఇప్పుడు బోళ్లన్నీ సర్దాక, మిషన్ నొక్కే ముందు, చివరి పనిగా అరను ఆ గుడ్డతో తుడిచి పౌడర్ వేస్తాం. తెల్లవారుజామున నడిచేలా రాత్రే సమయం పెట్టే పద్ధతి కూడా వానాకాలంలో మానేశాం, ఎందుకంటే నాలుగైదు గంటలు తడి గాలిలో ఉన్న పౌడర్ తెల్లారేసరికి పొరకడుతుంది. పెద్ద పళ్లెం ఇప్పుడు వెనక వరుసలోకి వెళ్లింది. కడిగిన తర్వాత తలుపు నాలుగు వేళ్లంత తెరిచి పెడతాం.

దుకాణం వారికి ఐదుకు మూడు. ధర న్యాయంగా ఇచ్చారు, చెప్పిన రోజున తెచ్చారు, పైకి మోసి పెట్టారు. కానీ నీళ్ల పరీక్ష పట్టీ ఒకటి చేతికిచ్చి, కఠినత్వం సెట్టింగ్ ఎలా మార్చాలో రెండు నిమిషాలు చూపిస్తే కొన్నవారికి ఎంత మేలు జరుగుతుందో వారికి వెళ్లి చెప్పి వచ్చాను. కొనేవారు కూడా మిషన్ బిగించే రోజున ఆ పరీక్ష చేయించి, సెట్టింగ్ ఎంతకు పెట్టారో రసీదు వెనక రాయించుకోండి.

మెకానిక్ వచ్చి వెళ్లి పద్నాలుగు నెలలయింది. డిస్పెన్సర్ మార్చలేదు. నిన్న రాత్రి కూడా పక్క సందులో చూసి, పళ్లెం మూతకు అడ్డు రాలేదని నిర్ధారించుకున్నాకే తలుపు మూశాను. పొద్దున మూత పూర్తిగా తెరుచుకుని ఉంది, అరలో ఒక్క పలుకు కూడా మిగల్లేదు.